ఆరని ఎర్ర చుక్క

ఎర్ర చుక్క ఆరలేదు. ఇపో ఊళ్ళో ఇంటి ముందు బయల్దేరినప్పుడు ఆరలేదు, చెమోర్ ఊరి దారిలో ఒకటి రెండుసార్లు ఆరినట్టే ఆరి మళ్ళీ వెలిగింది, ఇప్పుడు పెళ్ళికూతురి ఇంటి గేటు ముందు బండి ఆగాక కూడా వెలుగుతూనే ఉంది. స్పీడు చూపించే ముల్లు కింద కందిగింజంత లైటు. ఇంజను తిరుగుతుండగా డైనమో బ్యాటరీకి కరెంటు పంపుతోందో లేదో చెప్పడం తప్ప దానికి వేరే పని లేదు. వెలిగితే పంపడం లేదని అర్థం. లౌ కోక్ వెంగ్ స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు. కొడుకు చున్ హో స్నేహితుల్ని వెంటబెట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు. తోడిపెళ్ళికూతుళ్ళు గేటుకి తాళం వేసి లోపలి నుంచి బేరం పెట్టారు. ఆ బేరం తెమలడానికి గంట పడుతుంది, ఎవరి పెళ్ళిలోనైనా అంతే. ఆ గంటసేపూ ఇంజను ఆపడానికి లేదు. పెళ్ళికూతుర్ని తేవడానికి కదిలిన బండి ఆమెను ఇంట్లో దించేదాకా ఆగిపోకూడదని నాన్న పెట్టిన పద్ధతి. పద్ధతి లేకపోయినా ఆపలేడు. ఆపితే మళ్ళీ స్టార్టు చెయ్యడానికి బ్యాటరీలో ఏం మిగిలిందో తెలియదు. స్టార్టు కాకపోతే కోటు వేసుకున్న కుర్రాళ్ళు తోస్తారు, లోపల తెల్లగౌనులో పెళ్ళికూతురు కూర్చుని ఉంటుంది, అందరి చేతుల్లో ఫోన్లు ఉంటాయి. 'లౌ వాళ్ళ కోడల్ని తోసుకుంటూ తీసుకెళ్ళారు' అన్న మాట ఆ పిల్లకి పిల్లలు పుట్టాక కూడా పోదు.

మలుపు దగ్గరే తెలిసింది. తలుపు పక్క స్తంభంలోంచి బయటికి లేచి ఎటు తిరుగుతున్నామో చూపించే చిన్న చెయ్యి సగందాకా లేచి ఆగిపోయింది. తర్వాత హారను కొడితే జలుబు చేసిన మనిషి గొంతులా వచ్చింది. బ్యాటరీని అన్నీ తింటున్నాయే తప్ప దానికి ఎవరూ పెట్టడం లేదు. డైనమో బెల్టు తెగిందా అంటే తెగలేదు, తెగి ఉంటే నీళ్ళు కూడా కాగి ఈపాటికి పొగ చిమ్మేవి. టెలికంలో లైన్లు పరీక్షించే ఉద్యోగంలో చేరిన కొత్తలో సూపర్‌వైజరు ఒక మాట చెప్పాడు. లైను చెడిపోతే ముందు లైను చూడకు, దాని మీద చివరిసారి ఎవరి చెయ్యి పడిందో అడుగు. నిన్నటిదాకా బాగున్నది ఇవాళ చెడిందంటే మధ్యలో ఒక చెయ్యి ఉంటుంది. పదవీ విరమణ దాకా కోక్ వెంగ్ ఆ ఒక్క ప్రశ్నతో నెట్టుకొచ్చాడు. సగం సార్లు రోడ్డు తవ్వినవాడు, సగం సార్లు తోటి ఉద్యోగి. ఈ బండి మీద చివరిసారి పడిన చెయ్యి తమ్ముడిది. కోక్ లియోంగ్ మూడు రోజులు మెంగ్లెంబులో తన షెడ్డులో పెట్టుకున్నాడు. పెళ్ళికి మెరిపించి ఇస్తాను అన్నయ్యా అన్నాడు. ఏళ్ళ తరబడి ఈ బండి మాట ఎత్తనివాడు, ఎత్తితే మొహం తిప్పుకునేవాడు, తనంతట తాను వచ్చి అడిగాడు. అప్పుడే అనుమానం రావలసింది. వచ్చింది కూడా. భార్య యోక్ మోయి పక్కన కూర్చుని, "ఇవ్వండి, మరిది ఇన్నేళ్ళకి నోరు తెరిచి అడిగాడు" అంది గనక ఇచ్చాడు.

నిన్న సాయంత్రం బండి రిబ్బనుతో సహా వచ్చింది. రెండు అద్దాల నుంచి బానెట్ ముక్కు దాకా ఎర్ర రిబ్బను బిగించి కట్టి, మధ్యలో పువ్వులా ముడి వేసి ఉంది. లోపల ఎలా ఉందో చూద్దామని కోక్ వెంగ్ ముడి మీద చెయ్యి వేస్తే తమ్ముడు మధ్యలో అడ్డం నిలబడ్డాడు. "ఇప్పుడొద్దన్నయ్యా. పెళ్ళయ్యాక తెరుద్దువు గానీ. రిబ్బను పాడవుతుంది." తన సొంత బండి బానెట్ తెరవడానికి తమ్ముడి అనుమతి. అతని దగ్గర థిన్నరు వాసన వచ్చింది. మాట్లాడుతున్నంతసేపూ చేతులు జేబుల్లోంచి తియ్యలేదు. బండి నేను తోలనా అని కూడా అడిగాడు. మామూలుగా చిన్నాన్నే తోలాలి, వరుడి తండ్రి ఇంట్లో కూర్చుని కొత్తజంట మొక్కి ఇచ్చే టీ కోసం ఎదురుచూడాలి, చుట్టాలందరూ అదే అన్నారు. కోక్ వెంగ్ తాళం చెవి జేబులో వేసుకుని, నేనే తోలతాను అన్నాడు. వాడు తల ఊపి వెళ్ళిపోయాడు. అంత తేలిగ్గా ఎందుకు ఊరుకున్నాడు? బండి దారిలో చచ్చిపోతుందని తెలిసినవాడు స్టీరింగు కోసం పోట్లాడడు. పొద్దున డిక్కీ తెరిస్తే ఇంజను చేత్తో తిప్పే ఇనప హ్యాండిల్ దాని కొక్కెంలో లేదు. నాన్న కాలం నుంచి ఆ కొక్కెంలోనే ఉంటుంది. బ్యాటరీ చచ్చినా ఆ హ్యాండిల్ ఉంటే బండి బతుకుతుంది. అది కూడా లేకుండా చేశాడంటే ఇంక చెప్పేదేముంది.

గేటు దగ్గర కేక. "ముందు కాకరకాయ నమలండి బావగారూ, తలుపు సంగతి తర్వాత!" ఒక కుర్రాడు, "మావాడికి కడుపులో బాగాలేదండీ" అంటే, "అయితే పెళ్ళెందుకు, ఆస్పత్రికి తీసుకెళ్ళండి" అని లోపలి నుంచి జవాబు. నవ్వులు. చున్ హో కాకరకాయ ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. పులుపు, తీపి, చేదు, కారం అన్నీ తినిపించి గానీ వదలరు. కోక్ వెంగ్‌కి కూడా తినిపించారు, యోక్ మోయి ఇంటి ముందు, ఈ బండే బయట ఆగి ఉండగా. నాన్న తోలాడు. పక్కసీట్లో లియోంగ్, అప్పటికి మీసం రాలేదు, ఒళ్ళో నారింజపళ్ళ పళ్ళెం పెట్టుకుని వెనక్కి తిరిగి తిరిగి వదినను చూస్తూ ఒక పండు జారవిడిచాడు, అది క్లచ్చి కిందికి దొర్లిపోయి నాన్న తిట్లు తిట్టాడు. నాన్న తగరం గనిలో గుమాస్తా ఉద్యోగం చేసి ఇంగ్లండు దొర దగ్గర పాతబండిగా కొన్న మోరిస్ మైనర్. వారం వారం తుడిచేవాడు. పోయేటప్పుడు పెద్దవాడికి ఇచ్చాడు. చిన్నవాడికి ఇవ్వలేదు. చిన్నవాడు అప్పుడు ఏమీ అనలేదు. నా పెళ్ళికి మాత్రం ఈ బండే రావాలన్నయ్యా అన్నాడంతే.

రాలేదు. ఆ పెళ్ళి వారంలోనే డైనమో చచ్చింది. సరిగ్గా ఇలాగే, ఎర్ర చుక్క వెలిగి ఆరలేదు. కోక్ వెంగ్ డైనమో విప్పాడు, లోపల బొగ్గు బ్రష్‌లు మొదలంటా అరిగిపోయి రాగి మీద గీతలు పడ్డాయి. ఆ సైజు బ్రష్‌లు ఇపోలో దొరకలేదు, పెనాంగ్‌కి మనిషిని పంపితే ఉత్తచేతులతో వచ్చాడు. లియోంగ్ పెళ్ళికూతురు అద్దెకారులో వచ్చింది. తెల్లకారు, ఏసీ ఉంది, ఎవరూ ఏమీ అనలేదు. లియోంగ్ ఒక్క మాట అన్నాడు, "సరిగ్గా నా పెళ్ళికే చెడిందా?" అని. అని నవ్వాడు. అరిగిన బ్రష్‌లు కాగితంలో చుట్టి చూపిద్దామనుకున్నాడు కోక్ వెంగ్. చూపించలేదు. తమ్ముడికి సాక్ష్యం చూపించుకోవలసిన గతి పట్టలేదు నాకు అనుకున్నాడు. ఆ తర్వాత కొత్త సంవత్సరాలకి వచ్చి వెళ్ళడం, అమ్మ కర్మలకి పక్కపక్కన మోకరిల్లడం, అన్నీ జరిగాయి. బండి మాట మాత్రం రాలేదు. ఇప్పుడు వచ్చింది. అదే డైనమో, అదే ఎర్ర చుక్క, ఈసారి నీ కొడుకు పెళ్ళికి. లెక్క సరిపోయింది. తమ్ముడు కడుపులో ఇన్నేళ్ళు దాచుకుని వడ్డించాడు. నవ్వుతూ వడ్డించాడు.

ఫోను తీసి భార్యకి చేశాడు. వెనక గిన్నెల చప్పుడు, ఎవరో పిల్ల ఏడుపు. "టీకి కుర్చీలు వేశారా?"

"వేశాం. మీరింకా అక్కడే ఉన్నారా?"

"తమ్ముడివీ వాడి భార్యవీ తీసెయ్యి."

యోక్ మోయి గిన్నెల చప్పుడుకి దూరంగా జరిగింది. తర్వాత గొంతు తగ్గించింది. "తాగారా?"

"బండి పాడు చేశాడు. కావాలని చేశాడు. కొత్తజంట చేతి టీ వాడు తాగడానికి వీల్లేదు. తీసెయ్యి."

"చిన్నాన్నకి టీ ఇవ్వకపోతే ఊరంతా ఏమనుకుంటారో తెలుసా? ఇంక ఆయన జన్మలో ఈ గడప తొక్కడు."

"తొక్కొద్దు."

"ఆయన ఇక్కడే ఉన్నాడు. మీ కోసం టపాకాయల దండ కడుతున్నాడు. నాతో ఇలాంటి పనులు చేయించకండి" అని ఫోను పెట్టేసింది. తీస్తానని అనలేదు, తియ్యనని అనలేదు. యోక్ మోయి చెప్పినపని చేస్తుంది, చేసిన తర్వాత నెల రోజులు మాట్లాడదు. తీస్తుంది. కోక్ వెంగ్ ఫోను పక్కసీట్లో పడేశాడు. టపాకాయల దండ కడుతున్నాడట. బండి తోసుకుంటూ వచ్చేటప్పుడు కాల్చడానికి కాబోలు.

అద్దం మీద ఎవరో వేలితో కొట్టారు. పక్కింటి ముసలామె, చేతిలో విసనకర్ర. "ఏమయ్యా, ఆ పొగంతా మా ఇంట్లోకే కొడుతోంది. ఆపరాదూ?"

"పెళ్ళిబండి పెద్దమ్మా. ఆపకూడదు."

"ఓహో. మా పెళ్ళికి సైకిలే వచ్చింది, దానికి పొగ కూడా లేదు" అని ఆవిడ అక్కడే గోడకి ఆనుకుని నిలబడింది. పొగ గురించి ఫిర్యాదు చేసిన మనిషి పొగలోనే నిలబడి చూస్తోంది. ఎవరో ఒకరు ఎప్పుడూ చూస్తూనే ఉంటారు.

ఇంజను చప్పుడు కొంచెం పడిపోయినట్టు అనిపించి కోక్ వెంగ్ కాలితో యాక్సిలరేటరు నొక్కాడు. ఎర్ర చుక్క సన్నగిల్లింది. ఇంకొంచెం నొక్కాడు. ఆరిపోయింది. ఇంకొంచెం నొక్కితే మళ్ళీ వెలిగింది, మొదటి కంటే ఎక్కువగా. కాలు తీశాడు. మళ్ళీ నొక్కాడు. సన్నగిల్లడం, ఆరడం, పెరగడం. దారిలోనూ ఇదే చేసింది, అప్పుడు కళ్ళు చూశాయి గానీ బుర్ర చూడలేదు, బుర్ర నిండా తమ్ముడే ఉన్నాడు. చచ్చిన డైనమో అయితే చుక్క ఒకేలా వెలగాలి, కాలు నొక్కినా తీసినా. ఆ లైటుకి ఒక పక్క బ్యాటరీ, ఇంకో పక్క డైనమో. రెండూ సమానమైతే ఆరుతుంది, ఏది ఎక్కువైనా వెలుగుతుంది. మెల్లగా తిరిగితే బ్యాటరీ వైపు ఎక్కువ. గట్టిగా తిరిగితే డైనమో వైపు ఎక్కువ. అంటే డైనమో బతికే ఉంది. బోలెడంత కరెంటు పుట్టిస్తోంది, బ్యాటరీ దాకా చేరడం లేదు. మధ్యలో రెగ్యులేటరు డబ్బా ఉంది, దానిలో రిలే, డైనమో పుంజుకోగానే అది టక్కున అతుక్కుని కరెంటుకి దారి ఇవ్వాలి. ఇవ్వడం లేదు. నిన్న సాయంత్రం లియోంగ్ రిబ్బను ఎగిరిపోతుందేమోనని ఎడ్లబండిలా తోలుకొచ్చాడు, ఆ నడిమి వేగానికి రెండు పక్కలూ సమానమై చుక్క ఆరే ఉంటుంది, వాడు చూసి ఉండడు. చూసి ఉండడా? లేక ఇదంతా తెలిసే డైనమో వదిలేసి డబ్బాలో వేలు పెట్టాడా? డైనమో ముట్టుకుంటే అన్నయ్య కనిపెడతాడని డబ్బా ముట్టుకున్నాడా? లియోంగ్‌కి అంత తెలుసా? వాడు వేరుశెనగ కార్ఖానాలో వేయింపు చూసేవాడు. ఫ్యూజు మార్చాలన్నా ఎలక్ట్రీషియన్ని పిలుస్తాడు. ఎవరినైనా అడిగి తెలుసుకుని ఉండొచ్చు. ఫోనులో చూసి ఉండొచ్చు. అనుమానానికి ఇంకా జాగా ఉంది, కోక్ వెంగ్ దాన్ని వదల్లేదు, అలవాటైన పనిముట్టులా చేతిలో పట్టుకునే ఉన్నాడు.

అసలు పనిముట్టు జేబులో లేదు. పొద్దున కోటు తొడుగుతూ యోక్ మోయి టెస్టరు లాగేసి సొరుగులో పడేసింది, "కొడుకు పెళ్ళికి కూడా స్క్రూడ్రైవరేనా" అని. సీటు కింద పాతది ఒకటి ఉండాలి. వంగి చెయ్యి పెట్టాడు. వేళ్ళకి కాగితం తగిలింది. బరువైన పొట్లం. లాగితే చైనీస్ పేపరులో చుట్టిన ఇనప హ్యాండిల్. కాగితం విప్పబోతే ఊడి రాలేదు, అంటుకుపోయింది, చింపితే నల్లరంగు మీద వార్తల అక్షరాలు తిరగబడి అచ్చయ్యాయి. రంగు ఇంకా పచ్చిగానే ఉంది, వేళ్ళకి అంటింది. హ్యాండిల్‌కి రంగు వేశాడు. ఎవరూ చూడని, డిక్కీలో చీకట్లో పడి ఉండే ఇనుముకి రంగు వేసి, ఆరక, కొక్కెంలో పెడితే అంటుకుంటుందని కాగితంలో చుట్టి సీటు కింద పెట్టాడు. థిన్నరు వాసన. జేబుల్లో చేతులు. గోళ్ళ నిండా నల్లరంగు ఉండి ఉంటుంది, పెళ్ళింటివాళ్ళకి కనపడకూడదని. బానెట్ తెరవొద్దన్నయ్యా, పెళ్ళయ్యాక తెరుద్దువు గానీ. హ్యాండిల్‌కే రంగు వేసినవాడు బానెట్ లోపల దేన్ని వదిలి ఉంటాడు?

కోక్ వెంగ్ దిగాడు. రిబ్బను ముడి లాగాడు, అది ఒక్కసారిగా జారిపోయింది. "అయ్యయ్యో, పిల్ల ఎక్కకముందే విప్పేశావా!" అంది పెద్దమ్మ. గేటు దగ్గర ఒకరిద్దరు ఇటు తిరిగారు. బానెట్ ఎత్తాడు.

నాన్న కొన్నప్పుడు కూడా ఇలా ఉండి ఉండదు. లోపలి గోడంతా నల్లగా, చెయ్యి పెడితే చెయ్యి కనపడేట్టు. తుప్పు మరకలు లేవు. ఒక్కొక్క మర విప్పి, వెనక గీకి, రంగు వేసి, మళ్ళీ బిగించాడు. వైర్లకి రంగు అంటకుండా వేటికవే టేపు చుట్టి, తర్వాత ఒలిచాడు, ఒకచోట టేపు ముక్క మిగిలిపోయింది. మూడు రోజుల పని ఇది, మోకాళ్ళ నొప్పులున్న మనిషికి. రెగ్యులేటరు డబ్బా పక్కన ఒక మర, దాని కింద, కరెంటుని బండి ఇనుముకి కలిపే ఎర్త్ వైరు చివర రాగి రింగు. రింగు రంగు మీద కూర్చుని ఉంది. మరకి కూడా రంగే, మర పట్టే చిల్లులోనూ రంగే. ఇనుముకి ఇనుము తగలడం లేదు. ఎర్త్ లేకపోతే రిలే అతుక్కోదు. ఇంతే. లియోంగ్ ఎలక్ట్రీషియన్ అయి ఉంటే ఆ ఒక్క నాణెమంత చోటు వదిలేసేవాడు. వదలడానికి మనసొప్పలేదు, అంతా ఒకేలా మెరవాలనుకున్నాడు.

జేబులోని చిల్లర సెన్ నాణెంతో మర తిప్పాడు. రింగు పక్కకి జరిపి, టై పిన్ను అంచుతో రంగు గీకాడు. పిన్ను వంగిపోతే గోరుతో గీకాడు. రంగు ముక్కలు గోట్లోకి దిగాయి. గీకుతుంటే నొప్పి పుట్టింది, గోటికి కాదు. ఆ మెరుపు మీద ఇది ఒక్కటే మచ్చ, తాను పెట్టినది. ఇనుము తెల్లగా బయటపడింది. రింగు దాని మీద ఆనించి మర బిగించి, యాక్సిలరేటరు తీగ లాగి ఇంజను వేగం పెంచాడు. డబ్బాలో టక్కుమంది. కిటికీలోంచి తల పెట్టి చూశాడు. ఎర్ర చుక్క లేదు. వేగం ఇంకా పెంచాడు. లేదు.

బానెట్ మూసి రిబ్బను పట్టుకుంటే ముడి రావడం లేదు. "ఇటివ్వు, నీ బొంద" అని పెద్దమ్మ విసనకర్ర చంకలో పెట్టుకుని, నల్లచేతులతో ముట్టుకోవద్దని కసిరి, తానే కట్టింది. ముందుదానికంటే బాగా వచ్చింది. కోక్ వెంగ్ ఫోను తీసి ఇంటికి చేశాడు. మోగింది, తియ్యలేదు. మళ్ళీ చేశాడు. ఎవరో పిల్ల తీసి, "అత్తమ్మ పనిలో ఉందండీ" అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. గేటు తెరుచుకుంది. చున్ హో కారంతో ఎర్రబడిన మొహంతో వచ్చాడు, పక్కన పెళ్ళికూతురు పుయ్ సాన్, ఆమె తల మీద ఎర్ర గొడుగు. ఇద్దరూ ఎక్కారు. హారను కొట్టాడు. గట్టిగా పలికింది.

పెళ్ళికూతురితో వచ్చిన దారిన వెళ్ళకూడదు, అదీ పద్ధతే. తాసెక్ మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాలి. ఆ దారి ఇంతకుముందెప్పుడూ ఇంత పొడుగ్గా లేదు. వెనకసీట్లో వాళ్ళిద్దరూ ఏదో గుసగుసలాడుకుని నవ్వుకున్నారు. కోక్ వెంగ్ చుక్క వైపు చూడటం మానేశాడు. కుర్చీలు తీసేసి ఉంటుంది. వాడు ఎక్కడ నిలబడి ఉంటాడు? గోడ పక్కన, జేబుల్లో చేతులు పెట్టుకుని. కుర్చీ లేదని చూసి ఏమీ అనకుండా నవ్వి ఉంటాడు. సరిగ్గా నా పెళ్ళికే చెడిందా అన్నప్పటి నవ్వు. భార్యని వెంటబెట్టుకుని మెంగ్లెంబు వెళ్ళిపోయి ఉంటే ఏం చెయ్యాలి? ఎదురువచ్చే ప్రతి కారులో చూశాడు.

ఇంటి సందులోకి తిరగగానే టపాకాయలు మొదలయ్యాయి. పొగలో అంటించిన అగరొత్తి పట్టుకుని లియోంగ్. ఉన్నాడు. కోక్ వెంగ్ అప్పుడు ఇంజను ఆపాడు. హాల్లో కుర్చీలు వరసగా ఉన్నాయి, చివరి రెండింటి మీద నారింజపళ్ళ పళ్ళేలు. యోక్ మోయి వంటింటి గుమ్మంలో నిలబడి భర్త వైపు చూసింది. తియ్యలేదు, ఉంచలేదు, పళ్ళు పెట్టింది. కోక్ వెంగ్ ఒక పళ్ళెం, తర్వాత రెండోది ఎత్తి బల్ల మీద పెట్టాడు.

"రారా. నీ భార్యని పిలువు."

లియోంగ్ జేబుల్లో చేతులతో రాబోతూ ఆగి అన్న చేతులు చూశాడు. "ఎక్కడ గీకావ్?"

"ఒక్క మర కింద. ఎర్త్ అందలేదు."

"మూడు పూతలు వేశాను తెలుసా!" అన్నాడు లియోంగ్, అని ఏదో గుర్తొచ్చినట్టు మాట ఆపాడు. చేతులు జేబుల్లోంచి తీశాడు. గోళ్ళు నల్లగా ఉన్నాయి. "ఎర్ర లైటు వెలిగిందా?"

"వెలిగింది."

"నా వల్లేనా?"

కోక్ వెంగ్ కుర్చీ మీద పళ్ళెం పెట్టినచోట అరచేత్తో తుడిచాడు.

"మరి ఆ రోజు," అన్నాడు లియోంగ్, "నా పెళ్ళికి. అప్పుడు కూడా నిజంగానే చెడిందా అన్నయ్యా?"

"బ్రష్‌లు అరిగిపోయాయి" అన్నాడు కోక్ వెంగ్. "కూర్చో. పిల్లలు టీ తెస్తున్నారు."